కింది ఐదు వరుసలు

మా తమ్ముడు పోయిన మూడో వారంలో వాడి పెట్టె వచ్చింది. వాడు రాలేదు. వాడిని అక్కడే, సరిహద్దు దగ్గర ఎక్కడో పూడ్చారట. యుద్ధం ముగిశాక కుటుంబాలకు కబురు చేస్తామని కాగితంలో రాసి ఉంది.

వానలు మొదలైన వారం అది. పెట్టె మోసుకొచ్చిన ఇద్దరు సైనికులు మా మెట్ల మీద నిలబడి బూట్లు విప్పాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, "పర్లేదు బాబూ, రండి. బురదేగా, కడిగితే పోతుంది" అంది అమ్మ. వాళ్ళు సంతకం పెట్టించుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. కింద వ్యాన్‌లో ఇంకా మూడు పెట్టెలు ఉన్నాయట.

అమ్మే తాళం తీసింది. రెండు చొక్కాలు, ఒక స్వెట్టరు, బెల్టు, గడ్డం గీసుకునే సామాను, సగం అరిగిన సబ్బు, మేం రాసిన ఉత్తరాల కట్ట. అమ్మ ఒక చొక్కా తీసి మొహానికి ఆనించుకుంది. కాసేపు అలాగే ఉండి, విసురుగా ఒళ్ళో పడేసింది.

"ఉతికి పంపారే వీళ్ళు! ఎవరు ఉతకమన్నారు?"

అమ్మ ముప్ఫై ఏళ్ళుగా పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తోంది. రోజుకు ఎన్ని వందల దుప్పట్లు ఉతికి, మడతపెట్టిందో లెక్కలేదు. శుభ్రమైన బట్టను అలా తిట్టడం నేను ఎప్పుడూ వినలేదు.

పెట్టె అడుగున ఒక కళ్ళజోడు డబ్బా ఉంది. లోపల గీత పడని కళ్ళజోడు.

"ఇది వాడిది కాదే. ఇంకెవరిదో కలిసిపోయినట్టుంది" అంది అమ్మ. "పాపం, ఏ తల్లి వెతుక్కుంటోందో."

నేను డబ్బా తీసుకుని మూత తెరిచాను. లోపలి గుడ్డ మీద దుకాణం పేరు, మా వాడు శిక్షణ పొందిన ఊరి పేరు అచ్చేసి ఉన్నాయి. మూసేసి నా సంచిలో వేసుకున్నాను. "కనుక్కుని పంపిస్తాలే" అన్నాను.

నేను కళ్ళద్దాల పనిలో ఉన్నాను. డాక్టర్లు రాసిన నంబరు చూసి అద్దాన్ని అరగదీయడం, ఫ్రేములో కూర్చోబెట్టడం నా పని. పదకొండేళ్ళుగా అదే బల్ల, అదే రాయి. అందుకే మా తమ్ముడి ఎడమ కన్ను సంగతి ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కుడి కన్ను గద్ద కన్ను. ఎడమ దానికి మైనస్ తొమ్మిది. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు ఏడిపిస్తే కళ్ళజోడు మురిక్కాలవలో పారేసి వచ్చాడు. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని ఎవరో అంటే అమ్మ నమ్మింది. సైన్యంలో చేరినప్పుడు, "చూశావా, డాక్టర్లే పాసు చేశారు, ఇక వాడి కంటికేంటి?" అని వీధంతా చెప్పుకుంది.

డాక్టర్లు పాసు చేసింది వాడి కంటిని కాదు. నేను నేర్పిన పాఠాన్ని.

వాడు మొదటిసారి పరీక్షకు వెళ్ళి తప్పి వచ్చాడు. పెద్దగా బాధపడలేదు కూడా. "కన్ను కుదరదన్నారక్కా" అని చెప్పి మంచమెక్కి పడుకున్నాడు. అప్పటికి బస్సు డిపోలో పని పోయి ఎనిమిది నెలలు. నేను పొద్దున వెళ్ళేటప్పుడు ఆ మంచం మీదే, సాయంత్రం వచ్చేసరికి ఆ మంచం మీదే. యుద్ధం మాటే లేదు అప్పటికి. సైన్యమంటే భోజనం, బట్ట, నెల తిరిగేసరికి జీతం. అమ్మ పనికెళ్ళిన ఒక ఆదివారం నేను దుకాణం నుంచి అక్షరాల పట్టికలు రెండు తెచ్చి గోడకు అంటించాను. ఎక్కడైనా వాడేవి ఆ రెండు రకాలే. ఎడమ కంటితో వాడికి పైన ఉండే పెద్ద అక్షరం ఒక్కటే కనబడేది. అది చూస్తే ఏ పట్టికో తెలిసిపోతుంది. కింది ఐదు వరుసలూ కంఠతా పట్టించాను. వాడు వాటికి ఒక పిచ్చి పాట కట్టుకుని స్నానాల గదిలో పాడుకునేవాడు. "చివరి వరుసలో ఒక్కటి తప్పు చదువు. అన్నీ సరిగ్గా చెబితే అనుమానం వస్తుంది" అని కూడా నేనే చెప్పాను.

వాడు చేరిన ఏడు నెలలకు యుద్ధం వచ్చింది.

* * *

పెట్టె వచ్చిన నాలుగు రోజులకు అమ్మ పని నుంచి వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా గోడకున్న సంచిలోంచి ఆ ఉత్తరం తీసింది. అది పెద్ద అధికారి సంతకంతో వచ్చిన ఉత్తరం. 'మీ కుమారుడు విధి నిర్వహణలో ధైర్యంగా ప్రాణాలర్పించాడు. తోటివారందరికీ ప్రీతిపాత్రుడు. ఎటువంటి బాధా లేకుండా తక్షణమే కన్నుమూశాడు' అని ఉంటుంది అందులో. అమ్మ దాన్ని నాచేత కనీసం ఇరవైసార్లు చదివించుకుంది.

"ఇంకోసారి చదువు" అంది.

చదివాను. అమ్మ ఒక్కో ముక్కకీ తలూపింది.

"ఇదే. అచ్చం ఇదే. మా లాండ్రీలో ఇస్త్రీ దగ్గర పనిచేసే ఆవిడ లేదూ, ఆవిడ కొడుకూ పోయాడు కదా. ఇవాళ ఉత్తరం తెచ్చి చూపించింది. మా సూపర్‌వైజరు చదివాడు. ఒక్క అక్షరం తేడా లేదు. పేరొక్కటే వేరు." చెప్పులు విప్పి మూలకు విసిరింది. "వాడు వీళ్ళకి ప్రీతిపాత్రుడట! వాడెవడో తెలిస్తేగా."

నేను ఉత్తరం మడిచి సంచిలో పెట్టేశాను.

"ఏమే, వాడు నా కడుపులో ఎనిమిది నెలలున్నాడు. తొమ్మిదో నెల దాకా ఆగే ఓపిక కూడా లేదు వెధవకి. ఆ ఎనిమిది నెలల్లో ఏ పూట ఎటు కదిలాడో చెప్పమంటే చెప్తాను. ఈ పద్నాలుగు నెలలు ఎక్కడ పడుకున్నాడో, ఎవరి పక్కన కూర్చుని తిన్నాడో నాకేం తెలీదు. నువ్వు వెళ్ళి కనుక్కుని రా."

"ఎక్కడికి వెళ్ళనమ్మా?"

"వాడు ఉన్న చోటికి. చదువుకున్నదానివి, నోరున్నదానివి. అడుగు."

ఎనిమిదో నెలలో పుట్టినందుకు వాడికి 'తొందర' అని పేరు పెట్టింది మా నాన్నే. నాన్న పోయినా ఆ పేరు పోలేదు. వాడూ ఆ పేరు నిలబెట్టుకున్నాడు. మెట్లు మూడేసి దిగేవాడు, అన్నం నమలకుండా మింగేవాడు, మనం చెప్పే జోకు పూర్తికాక ముందే నవ్వేసేవాడు. మంచమెక్కిన ఆ ఎనిమిది నెలలు తప్ప వాడు కుదురుగా ఉన్నది నేను చూడలేదు.

* * *

పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఆ ఊరు వచ్చింది. శిబిరం గేటు దగ్గర కాపలా ఉన్నతను నా మాట పూర్తిగా విని, "అందరూ ముందుకెళ్ళిపోయారమ్మా. ఇక్కడ ఎవరూ లేరు" అన్నాడు. నిజమే. గేటు అవతల పెద్ద మైదానం, దాంట్లో వాననీళ్ళు, నీళ్ళలో ఒక కుక్క.

కళ్ళజోళ్ళ దుకాణం బజారు వీధి మొదట్లో ఉంది. చిన్నది. అరవై దాటిన ఒకావిడ దీపం కింద కూర్చుని స్క్రూ బిగిస్తోంది. నేను సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ డబ్బాను చూసి, నన్ను చూసి, స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

"నువ్వు అక్కవా?"

"అవునండీ."

"పోయాడా?"

తల ఊపాను. ఆవిడ లేచి తలుపు దగ్గరికి వేసి, తన కుర్చీ నాకు ఇచ్చి తను స్టూలు మీద కూర్చుంది.

"నీ గురించి ఎంత చెప్పేవాడో! మా అక్క చేతిలో అద్దం పడితే వెన్నపూసలా అరుగుతుందని, మీరు చేసింది మా అక్కకి చూపిస్తే వంక పెడుతుందని. నా ముందే అనేవాడు, నా దుకాణంలో కూర్చుని! కోపం రాకుండా అనడం వాడికే చెల్లింది."

ప్రతి ఆదివారం వచ్చేవాడట. మొదటిసారి వచ్చినప్పుడు దొంగలా అటూ ఇటూ చూసి లోపలికి దూరాడట. ఆవిడ పరీక్ష చేసింది. పట్టిక ముందు కూర్చోబెట్టగానే ఎడమ కంటితో కింది వరుస దాకా గడగడా చెప్పేశాడట.

"ఒక అక్షరం తప్పు చెప్పాడు. అది కూడా అలవాటుగా" అంది ఆవిడ. "నేను లేచి పట్టిక తీసేసి గడియారం చూపించాను. టైమెంత అన్నాను. గడియారం ఎక్కడుందండీ అన్నాడు."

ఆవిడ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆవిడ నా మొహం చూసి నవ్వు ఆపేసింది. ఆవిడకు అప్పటికే అంతా తెలుసని అర్థమైంది.

"పూర్తి నంబరు ఇస్తే తల తిరుగుతుందని ఏడే ఇచ్చాను. పెట్టుకుని ఈ గుమ్మంలో నిలబడి, కుడి కన్ను చేత్తో మూసుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా బోర్డులన్నీ చదివాడు. తాళం వేసి ఉన్న దుకాణాలవి కూడా. దారినపోయేవాళ్ళు పిచ్చోడనుకున్నారు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు."

"ఎందుకని?"

"ఎవరైనా చూస్తే పంపించేస్తారని. నేను చెప్పాను అమ్మాయ్. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పాను. మీ ఆఫీసరుతో చెప్పు, కంటి పేరు చెప్పి ఇంటికి పంపేస్తారు, యుద్ధం వచ్చేలా ఉంది అన్నాను." ఆవిడ ఒళ్ళో ఉన్న గుడ్డతో చేతులు తుడుచుకుంది. చేతులకు ఏమీ లేదు. "మా అక్క నన్ను ఎక్కించడానికి చాలా కష్టపడిందండీ, మధ్యలో దిగిపోతే ఏం బాగుంటుంది అన్నాడు."

బయట వాన పెద్దదైంది. ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. షట్టరుకు మా వాడు నూనె వేసి బాగుచేశాడని, చిన్న చిన్న స్క్రూలన్నీ సైజుల వారీగా సీసాల్లో సర్దిపెట్టాడని చూపించింది. ఆ సీసాల మీద చీటీలు వాడి చేతిరాతే. తొందరగా రాసినవి, ఒక్కదానికీ దీర్ఘం లేదు.

వెళ్ళబోతుంటే, "వాడితో ఒక పొడుగాటి కుర్రాడు వచ్చేవాడు, మీవాడు 'పొడుగూ' అని పిలిచేవాడు" అంది. "బడిని ఆసుపత్రి చేశారు చూడు, స్టేషను వెనక. అక్కడున్నాడు. సైనికుల కళ్ళజోళ్ళు బాగుచేయడానికి నేను మంగళవారాలు వెళ్తుంటాను, అప్పుడు మత్తులో ఉండగా చూశాను, మాట కుదరలేదు. రేపు అతనికి ఆపరేషను. పైవారం రా."

ఇంటికొచ్చి అమ్మకు అన్నీ చెప్పాను. కళ్ళజోళ్ళావిడను టీకొట్టావిడను చేశాను. బోర్డులు చదివింది చెప్పాను, ఎందుకు చదివాడో చెప్పలేదు. అమ్మ ఒక్కో సంగతీ రెండేసి సార్లు అడిగింది.

"మూసేసిన కొట్ల బోర్డులు కూడానా?"

"అన్నీ చదివాడట."

"వాడికి చదువంటే ఇష్టమే. బడంటేనే పడేది కాదు" అంది అమ్మ. కొడుకు పోయాక ఆ రోజే కడుపునిండా తిన్నది. "ఆ టీకొట్టావిడ ఎవరో కానీ చల్లగా ఉండాలి. మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆవిడకి ఒక మంచి దుప్పటి ఇస్తాను, పట్టుకెళ్ళు."

* * *

ఆసుపత్రిలో పొడుగు అనే ఆ కుర్రాడి మంచం ఆరో తరగతి గదిలో ఉంది. నల్లబల్ల మీద ఎవరో వేసిన లెక్క సగం చెరిపి ఉంది. మంచాలన్నీ మామూలు సైజువే. వరసలో చిట్టచివరి మంచం అంచు దాటి ఒక పాదం బయటికి వచ్చి ఉంటే, ఇతనే అనుకున్నాను. నేనెవరో చెప్పగానే అతను లేవబోయాడు. వద్దన్నాను.

"ఏ మంచమూ సరిపోయేది కాదక్కా నాకు. రెండు కాళ్ళూ బయటికే. ఇప్పుడు ఒకటే బయటికొస్తోంది. సగం బాధ తీరింది." నవ్వాడు. దుప్పటి కింద ఎడమ కాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

అతని దగ్గర మా తమ్ముడు బోలెడంత ఉన్నాడు. వాడు దళంలో అందరికీ జుట్టు కత్తిరించేవాడని నాకు తెలియదు. "మొదటి పదిమందీ మూడు రోజులు టోపీ తీయలేదు. తర్వాత చెయ్యి తిరిగింది." వాడు గురక పెట్టేవాడట. ఇంట్లో ఎప్పుడూ పెట్టలేదు. వాడికి పిడుగులంటే భయమట, ఫిరంగులను మాత్రం లెక్కచేసేవాడు కాదట. వాడిని వంటబండి మీద వేశారు. పొద్దునా సాయంత్రం రొట్టెల బస్తా, టీ డ్రమ్ము ముందు వరసల్లో ఉన్నవాళ్ళకు మోసుకెళ్ళడం వాడిదీ పొడుగుదీ పని.

"కాల్చడంలో వాడు ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేవాడక్కా. అయినా వంటబండి అడిగి వేయించుకున్నాడు. ఎందుకురా అంటే, ఆకలి మీదున్నవాడికి నేనొస్తుంటే ఎంత ముద్దొస్తానో నీకేం తెలుసు అనేవాడు."

కాల్చేటప్పుడు ఎడమ కన్ను ఎలాగూ మూసుకుంటారు. అది నేను అనలేదు.

కాసేపటికి అతని మాటలు సన్నబడ్డాయి. ఆ రోజు గురించి నేను అడగలేదు. అతనే మొదలుపెట్టాడు.

"ఒక పొలం దాటాలి. ఒక పక్క రాతిగోడ, రెండో పక్క తెల్ల టేపు కట్టారు. రెండింటి మధ్య దారి శుభ్రం చేశారు. టేపు అవతల మందుపాతరలున్నాయి. రోజూ వెళ్ళే దారే. నేను డ్రమ్ముతో ముందు. వాడు బస్తాతో వెనక. మసక పడుతోంది, వాన కూడా పట్టింది. నేను ముందు దాటేసి వెనక్కి తిరిగి అరిచాను. ఒరేయ్ తొందరా, తొందరగా రారా, చల్లారిపోతోంది అని." దుప్పటి అంచు పైకి లాక్కున్నాడు. "రోజూ అనే మాటే. వాడు నవ్వి పరుగందుకున్నాడు. టేపు తెగలేదక్కా. బాగానే ఉంది. నాకు అంత దూరం నుంచి కనబడుతోంది. వాడు చూసుకోకుండా దాటేశాడు. నేను పిలిచాను కాబట్టి చూసుకోలేదు. వాడిని లాగుదామని వెళ్ళాను, అప్పుడే ఈ కాలు."

పక్క మంచం మీదున్నతను అటు తిరిగి పడుకున్నాడు.

"బస్తా ఏ భుజం మీదుంది?" అన్నాను.

"ఆ?"

"రొట్టెల బస్తా. వాడి ఏ భుజం మీదుంది?"

అతను కళ్ళు మూసుకుని చూశాడు. "కుడి. మెడకి ఆనించి, చెయ్యి పైకి పెట్టి పట్టుకునేవాడు."

"టేపు?"

"ఎడమ పక్క. ఎందుకక్కా?"

"ఊరికే."

బస్తా కుడి కన్నును మూసేసింది. మసకలో, వానలో, పరిగెత్తుతూ, వాడికి మిగిలింది ఆ ఎడమ కన్ను ఒక్కటే.

నాకు అప్పుడే చెప్పాలనిపించింది. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. అతను నా వైపే చూస్తున్నాడు. నేను చెప్పబోయేదేదో తన మెడ మీది బరువు దించేస్తుందని ఆశపడుతున్నట్టు చూస్తున్నాడు. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం.

"నీ తప్పేం లేదు తమ్ముడూ" అన్నాను.

"అందరూ అదే అంటారక్కా" అన్నాడు అతను. కిటికీ వైపు తిరిగాడు.

వచ్చేస్తుంటే వెనక నుంచి, "కర్రలు ఇచ్చాక మీ ఇంటికొస్తాను. అమ్మని చూడాలి" అన్నాడు. తప్పకుండా రమ్మన్నాను. రాకూడదని దారంతా కోరుకున్నాను.

* * *

ఆ మర్నాడు అమ్మకు సెలవు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని జుట్టు కత్తిరింపుల సంగతి, గురక సంగతి చెప్పాను. అమ్మ చెయ్యి ఆపకుండా వింటోంది.

"బాధపడ్డాడా?" అంది చివరికి.

"లేదట. అది మాత్రం ఉత్తరంలో నిజమే రాశారు."

"సరే" అంది అమ్మ. బియ్యంలోకి చూస్తూ, "సరే" అని మళ్ళీ అంది.

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. అమ్మకు కావలసింది దొరికింది. కానీ నిన్న ఆసుపత్రిలో ఒకసారి నోరు మూసుకుని వచ్చాను. రెండోసారి మూసుకుంటే ఇక జన్మలో తెరవలేనని తెలిసింది. డబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టాను. "ఇది వాడిదేనమ్మా" అని మొదలుపెట్టి, పట్టికలు, పాట, ఒక్క తప్పు, టీకొట్టావిడ కాని ఆవిడ, కుడి భుజం, ఎడమ పక్క టేపు, అన్నీ చెప్పాను. మధ్యలో ఏడవలేదు. ఏడిస్తే జాలి అడుక్కున్నట్టు ఉంటుందని పళ్ళు బిగపట్టాను.

అమ్మ చేట పక్కన పెట్టింది.

"ఆ పాఠం వాడు అడిగాడా, నువ్వు చెప్పావా?"

ఆ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. ఇన్నాళ్ళూ నాకు నేను కూడా వేసుకోలేదు.

"నేనే చెప్పానమ్మా."

"ఎందుకు?"

"ఖాళీగా కూర్చున్నాడని."

"కూర్చుంటే కూర్చున్నాడు" అంది అమ్మ.

తర్వాత లేచి, ఆ బియ్యమే కడిగి పొయ్యి మీద పెట్టింది. నాకు వడ్డించింది. తను తినలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. వంట చేసేది, నా అన్నం డబ్బా కట్టి గుమ్మం దగ్గర పెట్టేది, నేనెళ్ళాక తలుపు వేసుకునేది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గాల్లోకి చెప్పేది. "నీళ్ళు రావట రేపు." "గ్యాస్ అయిపోవచ్చింది." వానలు కూడా పట్టుబట్టినట్టు ఒక్క రోజు తెరిపివ్వలేదు. ఆరేసిన బట్టలు ఆరక ఇల్లంతా తడి వాసన. నేను బల్ల దగ్గర రెండు అద్దాలు పాడుచేశాను. పదకొండేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. మా యజమాని ఏమీ అనలేదు. ఆ రోజుల్లో నన్ను ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. తమ్ముడు పోయినదాన్ని కదా.

* * *

పొడుగు మూడు వారాల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. మెట్ల మీద కర్రల చప్పుడు విని అమ్మ ఎదురెళ్ళింది. నేను సాయం పట్టబోతే వద్దని, ఒక్కో మెట్టూ తనే ఎక్కాడు. గుమ్మంలో తల వంచడం మరిచి ఠంగున కొట్టుకున్నాడు.

"అయ్యో! అన్నీ నీకు పొట్టివే బాబూ" అంది అమ్మ. అతను నుదురు రుద్దుకుంటూ నవ్వాడు. అమ్మా నవ్వింది.

అన్నం వడ్డించింది. అతను తింటూ చెబుతుంటే అమ్మ ఎదురుగా కూర్చుని గరిటె పట్టుకుని వింది. జుట్టు కథ మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా పెద్దదైంది, అధికారి ఒకరికి ఒక పక్క మీసం ఎగిరిపోయింది. పిడుగు పడ్డప్పుడు మా వాడు వంటబండి కిందికి దూరిన కథ వచ్చింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. ఆ నవ్వులో నాకు చోటు లేదు. అయినా నవ్వు ఇంట్లోకి వచ్చింది, అదే చాలనుకున్నాను.

అమ్మ మళ్ళీ వడ్డించబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి. అది చెప్పకుండా మీ చేతి అన్నం తినకూడదు. ముందే చెప్పాల్సింది, ఆకలేసి తినేశాను." తల వంచుకున్నాడు. "వాడు వాడంతట వాడు అడుగు తప్పలేదమ్మా. నేను పిలిచాను. తొందరగా రమ్మని అరిచాను. నా కేక విని పరిగెత్తాడు."

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. అమ్మ అతని వైపు చూడలేదు. మూడు వారాలలో మొదటిసారి తిన్నగా నా మొహంలోకి చూసింది. చెప్పమని గానీ వద్దని గానీ ఆ చూపులో లేదు. ఏం చేస్తానో చూస్తోంది, అంతే.

"తమ్ముడూ" అన్నాను. "వాడికి ఎడమ కన్ను కనబడదు."

అతను తలెత్తాడు.

"పుట్టుకతోనే. పట్టిక బట్టీ పట్టించి సైన్యంలోకి పంపింది నేను. కుడి కన్నుకి బస్తా అడ్డమొచ్చింది. నువ్వు పిలిచినా, పిలవకపోయినా, నడిచినా, పరిగెత్తినా, ఆ టేపు వాడికి కనబడేది కాదు. ఆసుపత్రిలో నువ్వు చెప్పగానే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా చెప్పకుండా వచ్చేశాను."

అతను కంచం కాస్త పక్కకు జరిపాడు. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"మూడు వారాలక్కా" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కళ్ళు మూస్తే నా కేకే వినబడేది. పోనీ కళ్ళు తెరుద్దామంటే ఈ కాలు. మూడు వారాలు. మీరు అప్పుడే ఒక్క మాట అనుంటే..."

"అవును" అన్నాను.

అతని భుజాలు కదిలాయి. అమ్మ గరిటె కింద పెట్టి, జరిగి అతని పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసింది. పెద్దవాడిని, అంత పొడుగువాడిని, పసిపిల్లవాడిని జోకొట్టినట్టు నెమ్మదిగా తట్టింది. అతను ఏడిచినంతసేపూ తట్టింది. అయిపోయాక, "చల్లారిపోయింది, వేడిది వేస్తానుండు" అని లేచి వంటింటి వైపు వచ్చింది. నన్ను దాటుకుంటూ లోపలికి వెళ్ళింది. గిన్నె తీసుకుని మళ్ళీ నన్ను దాటుకుంటూ వచ్చింది. అతని కంచంలో వేడి అన్నం పెట్టింది. గోడ వారగా బోర్లించి ఉన్న ఇంకో కంచం తీసి, అతని ఎదురుగా పెట్టి, అందులోనూ పెట్టింది.

"నిలబడే ఉన్నావేం?" అంది నాతో. "కూర్చో."